గాజు మీద గోళ్ళు

గర్ర్... గర్ర్...

గాజు మీద గోళ్ళు.

పొద్దున్నే అదే చప్పుడు. కూర తరుగుతున్నా అదే. కునుకు తీద్దామన్నా అదే.

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు. ఈ గడ్డం తొండ ముదిరి మా ఇంటి పెద్దయి కూర్చుంది.

మెడ కింద ముళ్ళ గడ్డమున్న పరదేశపు తొండ ఇది; పెంచుకుంటానని మనవరాలు తెచ్చిననాడు వేలెడంత. పాత చేపల తొట్టిలో పెట్టింది. ఇప్పుడు మూరెడు దాటింది — అటు తిరిగితే తోక తగులుతుంది, ఇటు తిరిగితే ముక్కు.

తొమ్మిది రోజులైంది. పురుగు ముట్టలేదు. ఆకు ముట్టలేదు.

"ముందు దాని ఇల్లు మార్చండి. అప్పటికీ తినకపోతే కష్టం," అన్నాడు పశువుల డాక్టరు.

అప్పట్నుంచి మనవరాలికీ ముద్ద దిగడం లేదు. ఒక్క ఇంట్లో రెండు ఉపవాసాలు.

మా ముసలాయన వడ్రంగి. నాలుగడుగుల పెట్టె మొదలుపెట్టాడు. మూడుసార్లు కొలిచాడు... మూడుసార్లూ టేపు చివర నేనే. ముందు గాజు తలుపు. ఇసుక వద్దని డాక్టరు అన్నాడని కింద నేల పలకలు. ఎండకు బదులు దీపం.

డాక్టరు రాసిచ్చిన కాగితం ఉంది. చూసిందెవరు?

"దీపం నడిమధ్య పెట్టండి," అన్నాను నేను. "వందల కోడిపిల్లల్ని దీపం కింద పెంచిన చెయ్యి ఇది."

నడిమధ్యనే పెట్టాడు.

కొత్త ఇంట్లో దించాం. ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు. నోరు తెరుచుకుని.

గర్ర్... గర్ర్...

పదో రోజు. పదకొండో రోజు.

మనవరాలు రెండు మూలలా వేడి కొలిచింది. రెండూ ఒకటే. అప్పుడు తీసింది కాగితం.

"నాయనమ్మా, దీపం ఒక కొసన ఉండాలట. ఒక కొస ఎండ, ఒక కొస నీడ. దీనికి పారిపోయే చోటే లేదు."

"కోళ్ళ పండితురాలు చెప్పింది, నేను పెట్టాను," అన్నాడు ముసలాయన స్క్రూలు ఊడదీస్తూ.

"మీరు తలుపులు తలకిందులుగా బిగించిన రోజులు నాకు గుర్తున్నాయి. పని చూడండి."

అన్నాను గానీ... వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

పదకొండు రోజుల ఆకలి. అందులో రెండు రోజులు నావి.

దీపం ఎడమ కొసకు జరిగింది. కింద బల్లపరుపు రాయి. కుడి కొసన చెక్క గూడు, నీడ.

గడ్డం తొండ రాయెక్కింది. పొట్ట ఆనించింది. చాలాసేపటికి దిగి, నీడలోకి నడిచింది. పరుగెత్తలేదు. నడిచింది.

ముందు ఒక పచ్చని ఆకు.

మనవరాలు గాజు ముందు గొంతుక్కూర్చుంది. ముసలాయన చేతిలో స్క్రూ అలాగే ఉంది.

తిను తండ్రీ. నా ముసలి ప్రాణం తినకు, ఆకు తిను.

ఆకు కదలలేదు. గోళ్ళూ కదలలేదు.

ఇన్నాళ్ళూ ఆ చప్పుడు ఆగితే చాలనుకున్నాను. ఆగింది.

ఇప్పుడు చెవి గాజుకు ఆనించి కూర్చున్నాను —

బతికున్నానంటూ ఒక్కసారి గర్ర్ మంటుందేమోనని...