సమ్మక్క కుడితి

నేను చదువుకునే రోజుల్లో మా యూనివర్సిటీ హాస్టల్ మెస్ వెనుక, చేతులు కడిగే చోట సమ్మక్క నిలబడిందంటే ఎవరి ఆటలూ సాగేవి కావు. "బొక్కలు గాడెయ్యి, అన్నం గీడెయ్యి! నిమ్మకాయ చెక్క పడ్డదా, ఆ కుడితి నీకే తాపిస్త!" అని అరిచేది. ఎముకలకు ఒక డబ్బా, అన్నానికి ఒక డబ్బా. తార్నాకలో ఆమెకు నాలుగు బర్రెలు. మేం వదిలేసిన అన్నం, పప్పు, గంజి వాటికి కుడితిగా పట్టుకెళ్లి, పాలు తెచ్చి మా మెస్‌కే పోసేది. బర్రె ఈనిందంటే మొదటి జున్ను మాకే. "మీ కుడితి తాగే ఈనింది, ముందు మీకే" అనేది. బెల్లం, మిరియాల వాసనతో ఆ జున్ను తలుచుకుంటే నాకు ఇప్పటికీ నోరూరుతుంది.

ఇప్పుడు అదే క్యాంపస్‌లో ఎకనామిక్స్ చెబుతున్నాను. అదే హాస్టల్‌కు వార్డెన్‌ని. మిగిలిన అన్నంతో గ్యాస్ తయారుచేసే ప్లాంటు పెడితే రోజుకో సిలిండర్ మిగులుతుందని రెండేళ్ల కిందట కమిటీని ఒప్పించింది నేనే. కుడితి బయటికి పోకూడదన్న కాగితం మీద సంతకం చేసిందీ నేనే. సమ్మక్క ఖాళీ డబ్బాలు పట్టుకుని వెళ్లిపోయింది.

ప్లాంటు నా లెక్క వినలేదు. ఎముకలు, టిష్యూ కాగితాలు, ప్లాస్టిక్ స్పూన్లు పడి గొట్టం మాటిమాటికీ పూడుకుపోయేది. ఏరడానికి నలుగురిని పెడితే మిగిలే గ్యాస్ కన్నా జీతాలే ఎక్కువ. నెలాఖరుకు పొయ్యి మండకపోతే పాత ఇనుము కింద అమ్మేస్తామని కమిటీ తేల్చేసింది. నా పరువు సరే, అంత అన్నమూ ఇక చెత్తకుప్ప పాలే.

సిగ్గు చంపుకుని సమ్మక్క కోసం తార్నాక వెళ్లాను. కొట్టంలో బర్రెలు లేవు, ఎవరివో బైకులు ఉన్నాయి.

"కుడితి బందైనంక దాణా కొనలేక అమ్మిన. ఏం పని మీద వచ్చినవ్ సంజీవూ?"

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. వచ్చిన పని చెప్పాను.

మర్నాడే వచ్చింది. ప్లాంటు పక్కన డబ్బా మూత తీసి, చెయ్యి మోచేతి దాకా పెట్టి కలిపి, ఒక ప్లాస్టిక్ స్పూను పైకి తీసింది.

"గిది బర్రె తాగుతదా?"

"బర్రె కాదు సమ్మక్కా, మిషన్."

"దానికి మాత్రం కడుపు లేదా?"

ఆ మధ్యాహ్నమే వెళ్లి పాత చోటనే నిలబడింది. గొంతు ఏమీ తగ్గలేదు. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత బుద్ధిగా వేరు చేశారు. నలుగురు ఏరాల్సిన పని ఒక్క అరుపుతో తీరిపోయింది. ఇన్నేళ్లూ ఆ పని ఆమె మాకు ఊరికే చేసిపెట్టింది. ఎకనామిక్స్ చెప్పే నాకు అది ఏ లెక్కలోనూ కనబడలేదు. ఈసారి ఖర్చుల్లో మొదటి పద్దుగా ఆమె జీతమే రాశాను.

పన్నెండో రోజు పొయ్యి నీలంగా మండింది. దాని మీద మొదట టీ పెట్టించి సమ్మక్కకు ఇచ్చాను. ఒక గుటక తాగి గ్లాసులోకి చూసింది.

"పాకెట్ పాలా?"

"అవును."

"బర్రెలుంటే ఇయ్యాల మీకు జున్ను తెద్దును" అంది, ఏ కోపమూ లేకుండా.

క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. ఆమె అప్పటికే గ్లాసు కింద పెట్టి, కంచం కడగబోతున్న ఎర్ర చొక్కా కుర్రాడిని చూసి లేచింది.

"ఓ ఎర్రంగీ! బొక్క గాడెయ్యి!"