పొయ్యి మీది పెట్టె

ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఒరీసియాకు వంటింట్లోని ఆ పెట్టె అంటే ఒళ్ళుమంట. గోడ అలమరలకూ పైకప్పుకూ మధ్య, ఈ మూల నుంచి ఆ మూల దాకా, ప్లాస్టరు కొట్టి మూసేసిన పెట్టె అది. అందులో ఏదీ దాచుకోవడానికి లేదు, అంచుల్లో బూజు దులుపుకోవడం తప్ప. కెనడాలోని విన్నిపెగ్‌లో పాత ఇళ్ళన్నింటికీ ఉండేదే కదా అని సరిపెట్టుకుందామంటే, ఎదురింటివాళ్ళు తమది పీకేసి కప్పు దాకా కొత్త అలమరలు బిగించుకున్నారు. ఈస్టరుకు పిలిచి మరీ చూపించారు. ఇక ఆగుతుందా?

"మామయ్యా, మనదీ తీసేద్దాం" అని ఎన్నిసార్లు అడిగినా మామగారు నెస్టర్‌ది ఒకటే మాట.

"దాని జోలికి పోవద్దు."

"ఎందుకని?"

"వద్దన్నానా, లేదా?"

ఎనభై దాటిన మనిషి. రైలు కార్ఖానాలో పనిచేసి రిటైరయ్యాడు. వంటింటికి సరిగ్గా పైన, మేడ మీద స్నానాలగది తన చేతులతోనే కట్టుకున్నాడు. కింద ఈ పెట్టె కట్టిందీ ఆయనే. కట్టినవాడికి ఆ మాత్రం మమకారం ఉండదా, ముసలాయన చాదస్తం అనుకున్నారు ఒరీసియా, ఆమె మొగుడు మైరన్.

చివరికి అలమరలు మాత్రం మారుస్తామనీ, పెట్టె ముట్టుకోమనీ మైరన్ తండ్రికి మాటిచ్చాడు. ఆ మాట ఒరీసియా ఇవ్వలేదు. ఆ తేడా ఆమెకు బాగా గుర్తుంది.

శనివారం మధ్యాహ్నం. పాత అలమరలను ట్రక్కులో వేసుకుని మైరన్ చెత్త డిపోకు వెళ్ళాడు. ఆడపిల్లలిద్దరూ డాన్సు క్లాసులో ఉన్నారు. సాయంత్రం చర్చి ఉంది కాబట్టి నెస్టర్ తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి మేడెక్కాడు. ఆయన స్నానానికి వెళ్ళేటప్పుడు చెవి మిషన్లు తీసి అద్దం దగ్గర పెడతాడు. ఇక పక్కన పిడుగు పడినా వినపడదు. ఒరీసియా కాచుకుని కూర్చున్నది ఆ ఘడియ కోసమే.

'ఆయన కిందికొచ్చేసరికి పెట్టె నేల మీదుంటే ఏం చేస్తాడు? రెండు రోజులు అలుగుతాడు. అలగనీ. ఆలుగడ్డ కూరిన పిరోగీలు చేసి పెడితే అలక అదే దిగుతుంది' అనుకుని, పొయ్యి పక్కనున్న గట్టు మీదికెక్కి సుత్తి తీసుకుంది.

ప్లాస్టరు పెళ్ళలు పెళ్ళలుగా ఊడి పడుతుంటే ప్రాణం లేచొచ్చింది. లోపల ఈ గోడ నుంచి ఆ గోడకు అడ్డంగా ఒక లావుపాటి చెక్క ఉంది. దాని మీద మూడు పొట్టి గుంజలు నిలబడి ఉన్నాయి. పెట్టెకు కట్టిన చట్రం కాబోలు అనుకుంది. మొదటి గుంజను నాలుగు దెబ్బలు వేసి ఊడగొట్టింది. రెండోది ఇంకా మొండికేసింది. "నీ సంగతి చూస్తానుండు" అని తిట్టుకుంటూ దాన్నీ లాగేసింది.

పైన ఎక్కడో ఫట్‌మని చప్పుడైంది.

ఒరీసియా చెయ్యి ఆగిపోయింది. సెల్‌ఫోను టేబుల్ మీద పెట్టింది కాబట్టి, జేబులోని చిన్న టార్చి వెలిగించి తల లోపలికి పెట్టి చూసింది. మేడ నేలను మోసే దూలాలు మూడు. మూడింటినీ పైపు పోవడానికి ఎవరో రంపంతో అడ్డంగా కోసేశారు. కోసిన కొసలు గాలిలో వేలాడుతున్నాయి. మూడోది మాత్రం మిగిలిన ఒక్క గుంజ మీద ఆనింది. ఆ గుంజ నిలువునా చీలిపోయి ఉంది. దూలాల పైన పలకల సందుల్లోంచి పోత ఇనుప తొట్టి అడుగు కనిపిస్తోంది. ఆ తొట్టిలో మామగారున్నాడు.

తను ఊడగొట్టినవి చట్రం కాదు. నేలను నిలబెట్టిన ఊతలు.

గబగబా ఒక గుంజను తీసి మళ్ళీ పెట్టబోయింది. దూలం అప్పటికే కిందికి జారింది. గుంజ నిటారుగా పట్టదు. ఏటవాలుగా ఇరికించి రెండు చేతులతో నెట్టి పట్టుకుంది. సుత్తితో కొడదామంటే అదురుకు ఉన్నదీ పోతుంది. చెయ్యి తీద్దామంటే గుంజ జారుతుంది. ఫోను నాలుగడుగుల దూరంలో ఉంది, నాలుగు ఊళ్ళ అవతల ఉన్నట్టే.

"మామయ్యా!" అని అరిచింది. "మామయ్యా, కదలొద్దు!"

పైనుంచి చర్చి పాట వినిపించింది. శ్రుతీ లయా లేకుండా, హాయిగా పాడుకుంటున్నాడు.

భోజనానికి పిలవాలంటే ఆ ఇంట్లో గరిటెతో పైపు మీద కొడతారు. ఆ అదురు తెలిసి ఆయన దిగొస్తాడు. పైపు ఆమె మోచేతి పక్కనే ఉంది. కానీ కొడితే ఏమవుతుంది? తిండికి పిలుస్తున్నారని తొట్టిలో దభాలున లేచి నిలబడతాడు. ఆ తలపుకే ఆమె మోచేతిని పైపుకు దూరంగా లాక్కుంది.

దూలం మూలిగింది. నెత్తి మీద దుమ్ము రాలింది. దూకెయ్, దూకెయ్ అంటోంది ఆమె లోపల ఏదో గొంతు. నీకు ఇద్దరు పిల్లలు. ఆయన బతకాల్సినంత బతికాడు. ఆ గొంతు తనదేనని తెలిసి ఒరీసియాకు ఏడుపొచ్చింది. భయమేసింది. చచ్చేంత భయమేసింది. అయినా చేతులు తియ్యలేదు. ఊడగొట్టింది తను. పైన పాడుతున్నది ఒక ముసలి ప్రాణం, ఒంటి మీద నూలుపోగు లేకుండా.

ఒక్కటే అదృష్టం, ఆయన నీళ్ళు నాలుగు వేళ్ళ లోతుకు మించి పట్టడు. పిల్లలు తొట్టి నింపితే కేకలేస్తాడు. పిసినారి తాత అని వాళ్ళు ఏడిపిస్తారు. ఇవాళ ఆ పిసినారితనానికి ఆమె మనసులోనే దండం పెట్టింది.

పాట ఆగింది. బిరడా లాగిన చప్పుడు. పైపులో నీళ్ళు గుడగుడలాడుతూ ఆమె చెవి పక్కనుంచి దిగాయి. తర్వాత ఆయన లేచాడు. గుంజ అరచేతుల్లోకి దిగబడింది, చర్మం చిట్లింది. "దేవుడా, దేవుడా" అనడం తప్ప ఆమెకు మరో మాట రాలేదు. ఒక అడుగు తలుపు వైపు పడింది. ఇంకో అడుగు. బరువు కాస్త తేలికైంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"అమ్మాయ్, మెట్ల దాకా ఈ దుమ్మేంటి?" అంటూ నెస్టర్ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. ఆమెను చూశాడు. చేతిలోని చెవి మిషన్లు ఒకటొకటిగా పెట్టుకున్నాడు. మొహం సున్నంలా పాలిపోయింది.

"ఎన్ని తీశావు?"

"రెండు. మూడోది చీలింది."

"వదిలేసి ఇటు దూకు."

"వదిలితే పడిపోతుంది మామయ్యా!"

"పడనీ. పడితే పడనీ తల్లీ, నువ్వు రా."

"నా చేతులు రావట్లేదు. మీరు దగ్గరికి రావొద్దు! అక్కడే ఉండండి!"

ఆయన వినలేదు. వచ్చి, ఆ బరువు కిందే నిలబడి, ఆమె నడుము చుట్టూ చేతులు వేసి తన బలమంతా పెట్టి లాగాడు. ఇద్దరూ గుమ్మంలో పడ్డారు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ తర్వాత కప్పు నోరు తెరిచినట్టు తెరుచుకుని, తొట్టి వచ్చి పొయ్యి మీద పడింది. పొయ్యి నలిగి చితికిపోయింది. తెగిన పైపులోంచి నీళ్ళు చిమ్మాయి.

దుమ్ము అణిగే దాకా ఇద్దరూ దగ్గుతూనే ఉన్నారు. అప్పుడు ఒరీసియాకు కోపం తన్నుకొచ్చింది.

"మీకు తెలుసు! తెలిసీ చెప్పలేదు!"

"దూలాలు కోసింది నేనే" అన్నాడు నెస్టర్. "పైపుకు దారి దొరక్క కోశాను. వచ్చే వారం మంచి కలప తెచ్చి సరిచేద్దామనుకుని ఊతలు పెట్టి, పెట్టె కట్టేశాను. స్నానాలగది చూసుకుని మీ అత్తయ్య స్టెఫ్కా ఎంత మురిసిపోయిందో! చుట్టాలందర్నీ పిలిచి చూపించింది, మా ఆయన కట్టాడని. ఇక ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"అత్తయ్య బతికినన్నాళ్ళూ ఇక్కడే కదా వంట చేసింది!"

"ఇక్కడే." "నేను ఆ కుర్చీలో కూర్చుని సూపు తాగేవాణ్ణి. చెంచా చెంచాకూ పైకి చూసేవాణ్ణి. తను ఆసుపత్రిలో పోయిందని చెప్పినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదమ్మా. హమ్మయ్య అనుకున్నాను. ఈ పొయ్యి దగ్గర కాదు కదా అని."

రక్తం కారుతున్న ఒరీసియా అరచేతుల్ని ఆయన భుజం మీది తువ్వాలుతో చుట్టాడు.

"ఆ తర్వాత మావాడు నిన్ను తీసుకొచ్చాడు" అన్నాడు. "నువ్వొచ్చి సరిగ్గా అక్కడే నిలబడ్డావు."