చెంగమ్మ ఉతికిన ఉపన్యాసం

"వినేవాళ్ళకు అర్థం కాని మాట యాడికి పోతుందిరా?" అని అడిగింది అలివేలమ్మ, చుట్టూ చేరిన మనవళ్ళను. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ప్రశ్న వేసి, జవాబు వచ్చేదాకా ఆగడం ఆమెకు అలవాటు.

"గాల్లో కలిసిపోతుంది," అన్నాడు పెద్దోడు.

"మా అమ్మగారి ఊర్లో అట్ల కాదు. గుడ్డలకు అంటుకునేది," అని మొదలుపెట్టింది.

వడమాలపేటకు మూడు మైళ్ళ అవతల ఆ ఊరు. తెల్లదొరలు ఇంకా పోని రోజులు. చాకలి చెంగమ్మ పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి, మూట కట్టుకుని ఏటికి పోయేది. తాసిల్దారు కాగితం చదివి పోయిన మర్నాడు పంచెలకు నాలుగైదు నీలం మరకలుండేవి. హరికథ జరిగితే కొంగుకు ఒకటో రెండో. చౌడుమట్టి వేసి ఉడకబెట్టినా పోవు. ఎవరైనా విడమరిచి చెబితే మాత్రం వాటంతటవే పోయేవి.

ఆ ఎండాకాలం చెంగమ్మ దిగులు వేరు. కొడుకు చిన్నబ్బకు ఎడమకాలిలో నారికురుపు లేచింది. దారంలాంటి పురుగు చర్మంలోంచి తల బయట పెడుతుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు ఇంత అని లాగాలి. తెగిందా, కాలు చీము పడుతుంది. నిరుడు కుడికాలిలో అట్లనే తెగింది. ఆ మోకాలు ఇప్పటికీ వంగదు. రెండోది కూడా పోతే వాడు మూట మోసేదెట్లా, బతికేదెట్లా? మంటకు తాళలేక వాడు ఏడుస్తుంటే చెంగమ్మే భుజం పట్టి ఊరి దిగుడుబావి మెట్లు దింపి, కాలు నీళ్ళలో పెట్టించేది. కురుపు లేచిన వాళ్ళంతా చేసే పనే.

అప్పుడు తిరుపతి నుంచి రాజారత్నంగారు వచ్చారు. ఆ పురుగు మీదే మద్రాసులో నాలుగేళ్ళు పరిశోధన చేసిన పండితుడు. బడి అరుగు మీద నిలబడి, "దూషిత జలమందలి సూక్ష్మజీవుల ఉదరమున..." అంటూ గంటన్నర మాట్లాడారు. ఊరంతా తలలూపింది.

తెల్లారి చూస్తే గుడ్డలన్నీ నీలం తొట్టిలో ముంచి తీసినట్టున్నాయి.

"పుట్టింటోళ్ళు పెట్టిన కోక ఇది. చెంగమ్మా, ఎట్లయినా మరక తీసియ్యి," అంది మునసబు భార్య మునిరత్నమ్మ.

"తల ఊపేటప్పుడు అదేందని అడగరాదా తల్లీ?"

"అందరూ ఊపినారు, నేనూ ఊపినా."

చెంగమ్మ రెండు రోజులు బాదింది. మూడోరోజు మూట నెత్తిన పెట్టుకుని, రాజారత్నంగారు దిగిన బడికే పోయి ఆయన ముందు దించింది.

"సామీ, ఇది మీ ఉపన్యాసం. ఉతికితే పోలేదు. అర్థం సెప్పండి, పోతాది."

ఆయన నొచ్చుకోలేదు. చాపేసి కూర్చున్నారు.

"దూషిత జలమంటే?"

"చెడిన నీళ్ళు."

"ఆ మాటే అనుంటే నాకు రెండు దినాల సాకిరి తప్పేది గదా." ఒక మరక పోయింది. "యాడి నీళ్ళు?"

"మీ దిగుడుబావి నీళ్ళే. కురుపున్న కాలు అందులో పెట్టగానే పురుగు వేలకొద్దీ పిల్లల్ని వదులుతుంది. కనీకనబడని నీటిపురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్ళు మీరు తాగుతారు. ఏడాది తిరిగేసరికి కాలిలో లేస్తుంది."

మూటలో మరకలన్నీ ఒక్కసారే పోయాయి. చెంగమ్మ అటు చూడలేదు.

"నేనే గదయ్యా నా కొడుకును బావిలోకి దింపింది," అంది.

"నీకు చెప్పినవాళ్ళు లేరమ్మా. చెప్పాల్సిన నేను మద్రాసులో ఇంగ్లీషులో రాస్తూ కూర్చున్నాను." ఆయన గొంతు తగ్గింది. "ఇకమీద కాలు బావిలో పెట్టొద్దు. తాగే నీళ్ళు గుడ్డతో వడగట్టాలి."

"ఏ గుడ్డ? పలసటి పైపంచైతే పురుగేంది, సేపపిల్లే దూరిపోతాది. బాగా నలిగి, దారాలు దగ్గరపడిన దుప్పటి కావాల. రెండు మడతలు."

ఆయన అది రాసుకున్నారు. చిత్తూరులో అచ్చు వేయించాలని రాసి పెట్టుకున్న నలభై పేజీలు తీసి, మూడు మధ్యాహ్నాలు ఆమెకు చదివి వినిపించారు. చెంగమ్మ ఒళ్ళో తెల్లగుడ్డ పరుచుకుని కూర్చునేది. మరక పడిన చోటల్లా ఆయన మాట కొట్టేసి వేరేది రాసేవారు. చివరికి తొమ్మిది పేజీలు మిగిలాయి. గుడ్డ తెల్లగా ఉంది.

చిన్నబ్బ ఎడమకాలి పురుగు తెగకుండా పూర్తిగా వచ్చేసింది. కానీ అప్పటికే తాగేసిన నీళ్ళ మాటేమిటి? ఏడాది ఆగితే గానీ తెలియదు. ఇంటింటా కుండ మూతికి దుప్పటి గుడ్డ కట్టారు. మళ్ళీ ఎండలు ముదిరాక చెంగమ్మ రోజూ పొద్దున్నే కొడుకు కాళ్ళు తడిమి చూసేది.

"సంతలో ఎద్దును సూసినట్టు సూస్తావేందిమా?"

"నోరుమూసుకుని నిలబడు."

తొలకరి పడింది. ఊళ్ళో ఇద్దరికి లేచింది గానీ, చిన్నబ్బకు ఏమీ లేవలేదు. ఆ రోజు వాడే మూట ఎత్తుకుని ఏటికి నడిచాడు. వెనకే పోయిన చెంగమ్మ బండ మీద చతికిలబడి, మధ్యాహ్నం దాకా ఒక్క గుడ్డా తడపలేదు. ఊరికే నీళ్ళు చూస్తూ కూర్చుంది.

"ఆ మరుసటేడు?" అన్నాడు పెద్దోడు.

"ఒక్కరికీ లేవలేదు. పుత్తూరు దాకా ఊరూరా ఆ తొమ్మిది పేజీలు చదివించుకున్నారు," అంది అలివేలమ్మ, మోకాళ్ళ మీద చేతులాన్చి లేస్తూ. "జరగండి, దోసెపిండి సగమే రుబ్బినా."