కుడి చెంప మీద ఒక్కటి

మానిటర్ కుడి చెంప మీద ఒక్కటిచ్చింది పేజీలమ్మ. తెర రెపరెపలాడి, విసుక్కుంటూనే వెలిగింది. ప్రెస్సులో ఆ దెబ్బ కొట్టడం ఆవిడ ఒక్కదానికే వచ్చు. మిషన్ తిప్పేవాడు కొడితే అది ఉలకదు, పలకదు. యజమాని కొడితే మరీ మొండికేసి కూర్చుంటుంది. ఈవిడ అరచేయి పడిందా, బుద్ధిగా లేచి పనిలోకి దిగుతుంది.

పుస్తకాలకు పేజీలు కట్టడం, అంటే అక్షరాల వరసలను తెర మీద పేజీలుగా అమర్చడం, ఆవిడ పని. అసలు పేరు ఎవరికి గుర్తుందో ఏమో, అందరికీ పేజీలమ్మే. పొట్టి మనిషి, మెడ కాస్త ముందుకు సాగి ఉంటుంది. ఆ మెడ పుట్టుకతో వచ్చింది కాదు, ఆ మానిటర్ చలవే. తెర చిన్నది, పేజీ పొడుగు. పై సగం చూస్తే కింద సగం కనబడదు. కింద సగం చూసేటప్పుడు పైన ఏం పెట్టిందో గుర్తుపెట్టుకోవాలి. ఇన్నేళ్లలో తాను కట్టిన పేజీని తెర మీద తల నుంచి కాలి దాకా ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు. కొత్తది కొనమంటే యజమాని, "చూద్దాంలేమ్మా" అనేవాడు. ఆయన చూసేలోపు ఈవిడ కళ్లద్దాలు మందమైపోయాయి.

ఇవాళ మాత్రం ఆవిడ మనసు మనసులో లేదు. పుస్తకాల సంస్థ ఒకటి ఇంటి దగ్గరే పని ఇస్తానంది. ఇంట్లో మంచి తెర ఉండాలి, అంతే షరతు. కూడబెట్టినదంతా పోగేస్తే ఒక్క మానిటర్ వస్తుంది. సరైనది దొరికితే సాయంత్రానికి ఈ కుర్చీకో దండం. తప్పుడుది తగులుకుందా, చచ్చినట్టు రేపు మళ్లీ ఈ చెంపే వాయించాలి. చేతిలో ఉన్న పేజీ ముగించి, మధ్యాహ్నం సెలవడిగి లేచింది.

చిక్కల్లా ఒక్కటే. ఆ తెరకు ఇంట్లో ఇంకో హక్కుదారు ఉంది, అత్తగారు. కొడుకు పోయాక అత్తాకోడళ్లే ఒకరికొకరు. మోకాళ్లు మొరాయించి గుమ్మం దాటలేని రోజుల్లో పెద్దావిడ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని కార్ల రేసు ఆట మరిగింది. సైకిలైనా తొక్కి ఎరగని మనిషి, ఒక్కొక్కరినీ దాటిపోతుంటే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది. దాని పాత తెర కాస్తా పాడయ్యాక ఆవిడ ముఖంలో కళ తప్పింది. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ కలిసి చూసే పాత సినిమాలు ఇప్పుడు ఫోన్లో, తలకి తల ఆనించుకుని చూడాల్సి వస్తోంది. పనికీ, ఆటకీ, సినిమాకీ ఒకే తెర దొరకాలి.

ఇంటికెళ్లి అత్తగారిని బండెక్కించి మానిటర్ల దుకాణానికి తీసుకొచ్చింది. గోడ నిండా తెరలే. చేపలు, పూలు, మంచుకొండలు ధగధగలాడిపోతున్నాయి. మెడలో టై బిగించుకున్న సేల్స్‌మన్ వాళ్లను తిన్నగా ఓ వంపు తిరిగిన పెద్ద తెర ముందుకు తీసుకెళ్లాడు. అత్తగారు చేతికర్ర పక్కన పెట్టి రేసు మొదలెట్టింది.

"అమ్మాయ్, ఇంక వెతక్కు. ఇదే!"

పేజీలమ్మ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న పేజీ అందులో తెరిపించింది. తిన్నగా కట్టిన వరసలు అంచుల దగ్గర వంగినట్టు కనిపించాయి.

"అత్తయ్యా, ఇందులో నా వరసలు వంకరపోతున్నాయి."

"నా కారు తిన్నగానే పోతోందే!"

పేజీలమ్మ అత్తగారి ముఖం వైపు చూసింది. పెద్దావిడకు ఈ ఒక్క సరదా తప్ప ఇంకేముంది? పోనీలే, మరో రెండేళ్లు ప్రెస్సులోనే ఈడ్చుకొద్దాం అనుకుంది. అనుకుంటూనే అలవాటు కొద్దీ మెడ నిమురుకుంది. అత్తగారు ఆ చేతి వైపు చూసింది. ఆట మధ్యలోనే ఆపేసింది.

"ఇంకోటి చూపించు నాయనా. మా కోడలి కంటికి ఆనేది."

రెండోది చదునుగా, హంగూ ఆర్భాటం లేకుండా ఉంది. వెనక్కి ఆనుకుని కూర్చున్నా కామా ఏదో, ఫుల్‌స్టాప్ ఏదో తెలిసిపోతోంది. బాగుంది, బాగుంది గానీ పేజీ మాత్రం ఇందులోనూ సగమే. ఈసారి అత్తగారి వంతు. కారు ఎంత జోరుగా పోయినా బొమ్మ అలుక్కుపోవడం లేదు. ఆవిడ ఊగిపోయింది. ఎదురుగా పెద్ద మలుపు వచ్చింది. తన్మయత్వంలో చేతిలోని కీబోర్డు ఒళ్లో పడేసి, తెరనే రెండు చేతులా స్టీరింగులా పట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది.

తెర గిర్రున తిరిగి నిలువుగా నిలబడింది.

"అయ్యయ్యో, విరగ్గొట్టేశానే అమ్మాయ్!"

సేల్స్‌మన్ నవ్వాపుకోలేకపోయాడు. "విరగలేదమ్మా, అది అలాగే తిరుగుతుంది. ఎవరూ అడగరు కదా, చెప్పడం మర్చిపోయాను."

పేజీలమ్మ తెర దగ్గరికి జరిగింది. "ఇలాగే ఉంచి నా పేజీ పెట్టండి."

పెట్టాడు. పేజీ మొత్తం, శీర్షిక నుంచి అడుగున అంకె దాకా, ఎదురుగా వచ్చి నిలబడింది. ఆవిడ మెడ దానంతటదే వెనక్కి జరిగింది. ఏళ్ల తరబడి చేసిన పనిని మొట్టమొదటిసారి నిండుగా చూసుకుంది. తనే ఇంత చక్కగా కడుతుందా! నవ్వొచ్చింది, కళ్లు చెమర్చాయి, రెండూ ఒకేసారి.

"పగలు నిలువు నీది, సాయంత్రం అడ్డం నాది. సినిమా ఇద్దరిదీ," అని అక్కడికక్కడే తీర్పు చెప్పేసింది అత్తగారు.

తిరుగుదారిలో బండి ప్రెస్సు ముందు ఆగింది. కొత్త మానిటర్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని అత్తగారు బండిలోనే కూర్చుంది. పేజీలమ్మ లోపలికెళ్లి సంగతి చెప్పేసరికి యజమాని పాత మానిటర్ వైపు చూశాడు.

"వెళ్తే వెళ్లావు గానీ, దీన్ని ఎవరు లేపుతారమ్మా?"

"లేపకండి సార్, పాపం పడుకోనివ్వండి. కొత్తది కొనేటప్పుడు కబురు చేయండి, మా అత్తయ్యను తీసుకొస్తాను. తెర ఎలా ఎంచాలో ఆవిడకి బాగా తెలుసు."

సొరుగులోంచి కళ్లజోడు పెట్టె తీసుకుంది. పాత మానిటర్ చెంప మీద ఈసారి కొట్టకుండా చేయి వేసి, ఒక్క క్షణం ఉంచింది. బయట అత్తగారు, "అమ్మాయ్, నా రేసుకు వేళైపోతోంది!" అని కేకేసింది. పేజీలమ్మ నవ్వుకుంటూ గబగబా మెట్లు దిగింది. బండి కదిలిన చప్పుడు వినిపించింది.

యజమాని వెళ్లి మానిటర్‌ను ఓ దెబ్బ వేశాడు, ఇంకోటి వేశాడు. తెర చీకటిగానే ఉంది. ఒళ్లంతా సిరా మసి పట్టిన ఆ పెట్టెకు కుడి చెంప మీద అరచేయంత మేర మాత్రం నున్నగా, తెల్లగా మెరుస్తోంది.