రాళ్ళు చూసుకో

గౌరీదేవి ఏరిన బియ్యంతో వండిన అన్నంలో పంటి కింద రాయి పడిందని చెప్పగలిగిన మనిషి భిలాయిలో లేడు. ఉంటే తీసుకురండి, చూద్దాం. కోహ్కా బస్తీలో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళి భోజనాలైనా, బారసాల భోజనాలైనా, బియ్యం బస్తా విప్పకముందే ఆమెకి కబురు వెళ్ళిపోతుంది. చేట నాలుగుసార్లు ఎగరేసిందంటే రాయి రాయే, గింజ గింజే. యాభై దగ్గర పడుతున్నా సూదిలో దారం కళ్ళజోడు లేకుండా ఎక్కిస్తుంది.

అంతటి మనిషి వారం రోజులుగా కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతుంది. ఆటో ఎక్కితే దిగాల్సిన చోటు దాటిపోతుంది. ఇదంతా ఒక పావురం కోసమంటే నవ్వుతారు గానీ, అదే నిజం.

పావురమంటే మన క్వార్టర్ల బాల్కనీల్లో రెట్టలేసే బాపతు కాదు. ఎక్కడో సముద్రం నడుమ నికోబారు దీవుల అడవిది. వెన్ను ఆకుపచ్చ, ఎండ పడితే రాగి రంగు. మెడ చుట్టూ సన్నటి పొడుగాటి ఈకలు తలంటుకుని ఆరబెట్టుకున్న జుట్టులా వేలాడుతుంటాయి. తోక మాత్రం పొట్టిగా, తెల్లగా ఉంటుంది. టౌన్‌షిప్ చివరనున్న చిన్న పక్షుల తోటకి జనవరిలో ఒక జంట వచ్చింది. గౌరీదేవి అక్కడ కాంట్రాక్టు మీద పక్షులకి మేత పెడుతుంది, గదులు కడుగుతుంది. కొత్తవాటిని పాతవాటితో కలపకుండా, సిమెంటు నేల ఉన్న జాలీ గదిలో విడిగా పెట్టి ఆమెకే అప్పగించారు.

మార్చి చివర్లో మగది చచ్చిపోయింది. ఎండదెబ్బ అని రిపోర్టు రాశారు డాక్టరు పార్థసారథిగారు. నెల తిరక్కుండా ఆడది కూడా అదే దారి పట్టేలా జబ్బుపడింది. తిన్న శనగగింజ తిన్నట్టే రెట్టలో పడేది. మూడు రోజుల నుంచి ఆ తినడం కూడా మానేసి, మెడ లోపలికి లాక్కుని మూలన కూర్చుంది. ఎత్తి పట్టుకుంటే రొమ్ము ఎముక కత్తిలా చేతికి తగులుతోంది. మందులన్నీ అయ్యాయి. "శుక్రవారం దాకా చూద్దాం, తేరుకోకపోతే రాయ్‌పూర్ ఆసుపత్రికి తీసుకెళ్దాం" అన్నారు డాక్టరుగారు. ఈ ఎండల్లో ఆ ప్రయాణం అది తట్టుకోదని ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు. ఆయన ఆ మాట అన్నది మంగళవారం.

పని పోతుందన్న బెంగ కాదు ఆమెది. పోతే ఇంకో పని దొరుకుతుంది. తన చేతి తిండి తిన్న ప్రాణం తన చేతుల్లోనే కరిగిపోతోందే అన్నది ఆమె బాధ.

ఆ మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికి వచ్చింది గానీ కుదురుగా కూర్చోలేకపోయింది. చేతులు ఊరుకోవు కదా, చేట తీసి పొద్దున ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది. మంచం మీద నుంచి అత్తగారు అచ్చమ్మ చూస్తూనే ఉంది. ఆవిడకి ఎనభై దాటాయి. కాళ్ళు లేవవు గానీ నోరు మాత్రం నిక్షేపంలా ఉంది.

"ఏటే, ఆ బియ్యం మీద పగబట్టినావా? ఎన్నిసార్లు ఏరతావు?"

"ఆ పిట్ట బతికేలాగ నేదు అత్తా."

"ఏటి తింతాదది?"

"శనగలు, వేరుశనగ గుళ్ళు, మొక్కజొన్న గింజలు. పెద్ద పెద్ద గింజలే గుటుక్కున మింగేసేది. ఇప్పుడు ముట్టడం నేదు."

"మరి రాయో?"

"ఒక్క రాయి ఉండనిస్తానా అత్తా? మన బియ్యం కన్నా బాగా ఏరి పెడతాను. నేల కూడా అద్దంలాగ తుడిచేస్తాను. ఇసక రేణువు కనిపిస్తే నన్నడుగు."

అచ్చమ్మ కోడలి ముఖంలోకి కాసేపు చూసింది. వేళాకోళమాడుతోందేమో అనుకుంది. కాదని తెలిశాక బుగ్గన వేలు పెట్టుకుంది.

"ఓలమ్మ, పిట్టకి రాళ్ళు ఏరీసినావా? మరి దానికి పళ్ళు నువ్వు కట్టిస్తావేటి? మన పెరట్లో కోళ్ళు రోజల్లా ఏటి గీకి మింగుతాయనుకున్నావు? రాయి మింగితేనే కదే గింజ నలిగేది. కడుపులో తిరగలి లాగీసి, తిను తిను అంటే ఏటి తింతాది?"

చేటలో బియ్యం చేటలోనే ఉండిపోయాయి. గౌరీదేవికి రెట్టలో పడిన నిండు గింజలు గుర్తొచ్చాయి. వచ్చినప్పుడు కడుపులో తెచ్చుకున్న రాళ్ళు ఈ మూడు నెలల్లో అరిగి బయటికి పోయి ఉంటాయి. కొత్తవి మింగుదామంటే తను ఒక్కటీ మిగల్చలేదు. ఎంత శ్రద్ధగా ఏరింది. శ్రద్ధ మండిపోనూ అనుకుంది.

చెప్పులేసుకుని వీధిలోకి పడింది. సందు చివర ఇల్లు కడుతున్న చోట ఇసుక జల్లెడ పట్టగా మిగిలిన గులకరాళ్ళు కుప్పగా పడి ఉన్నాయి. ఒళ్ళో వేసుకుంటుంటే చౌకీదారు "క్యా దీదీ, ఘర్ బనా రహీ హో?" అని, ఇల్లు గానీ కడుతున్నావా అన్నట్టు నవ్వాడు. ఆమె వినిపించుకోలేదు. శనగగింజంతవి, అంతకంటే చిన్నవి ఏరింది. జీవితంలో మొదటిసారి గింజ కోసం కాకుండా రాయి కోసం ఏరింది. కొళాయి కింద కడిగి, కొంగున మూటగట్టి ఆటో ఎక్కింది.

తోటలో సూపర్‌వైజర్ సతీష్‌కుమార్ ఉన్నాడు. మనవాళ్ళబ్బాయే గానీ ఇక్కడే పుట్టాడు, హిందీలో ఆలోచించి తెలుగులో మాట్లాడతాడు. ఆమె మూట విప్పగానే అతను తెల్లబోయాడు.

"ఏంటి ఆంటీ, ఇప్పుడు తెచ్చారా? ఇన్ని రోజులూ పెట్టట్లేదా? నేను మొదటి రోజే చెప్పా కదా, దానాలో రాళ్ళు చూసుకోమని."

"చెప్పేవు బాబూ. చూసుకున్నాను. ఒక్కటి వదల్లేదు."

సతీష్ ఫోన్ తీశాడు. పక్షులతో వచ్చిన హిందీ కాగితం ఫోటో అందులో ఉంది. దానాతో, అంటే మేతతో పాటు కంకడ్ జరూర్ రఖేఁ అని రాసి ఉంది, రాళ్ళు తప్పకుండా పెట్టమని. దాన్నే అతను తన తెలుగులోకి తిప్పాడు. హిందీలో దేఖ్ లేనా అంటే ఉండేలా చూడమని కూడా అర్థం. చేటతో పుట్టి పెరిగిన మనిషికి రాళ్ళు చూసుకో అంటే ఏమిటో ఆ అబ్బాయికెలా తెలుస్తుంది. వాళ్ళమ్మ ప్యాకెట్ బియ్యం కొంటుంది.

తప్పెవరిదో తేల్చే ఓపిక ఇద్దరికీ లేదు. గౌరీదేవి గదిలోకి వెళ్ళి, గులకరాళ్ళు పావురం ముందు పోసి, బయటికొచ్చి జాలీ పట్టుకుని నిలబడింది. పావుగంట గడిచింది. పావురం కదల్లేదు. గౌరీదేవి కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. ఎప్పుడో మానేసిన దేవుళ్ళందరికీ ఒక్కసారే మొక్కేసింది. అరగంటకి పావురం మెడ చాపింది. ఒక రాయిని ముక్కుతో దొర్లించి చూసింది. వదిలేసింది. ఇంకోదాన్ని పట్టి, తల వెనక్కి వాల్చి మింగింది. తర్వాత మరొకటి. గౌరీదేవి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

బుధవారం పొద్దున నాలుగు శనగలు తింది. గురువారం గిన్నె సగం ఖాళీ చేసింది. రెట్ట మామూలుగా పడింది. డాక్టరుగారు చూసి, "నీ చేతి చలవ గౌరమ్మా" అన్నారు. సతీష్ ఆయన వెనక నిలబడి ఆమెకి కళ్ళతోనే దణ్ణం పెట్టాడు. ఆయన వెళ్ళాక దగ్గరికి వచ్చి, "ఆంటీ, మగదాని రిపోర్టులో ఎండదెబ్బ అనే ఉంది. అలా ఉండనీ. ఇప్పుడు చెబితే ఇద్దరికీ ప్రాబ్లమ్" అన్నాడు. ఆమె నీళ్ళ తొట్టి కడగడానికి వెళ్ళిపోయింది.

శుక్రవారం సాయంత్రానికి పావురానికి కాళ్ళలో బలం వచ్చింది. మూల వదిలి నడక మొదలుపెట్టింది. ఈ గోడ నుంచి ఆ గోడకి, ఆ గోడ నుంచి ఈ గోడకి. నీళ్ళ తొట్టి వెనక వంగి చూసింది. కొమ్మ మీదికెగిరి, దిగి, మళ్ళీ తొట్టి వెనక్కి వెళ్ళింది. మధ్యలో ఆగి గొంతులో సన్నగా ఒక మూలుగు లాంటి పిలుపు పిలిచి, చెవి ఒగ్గినట్టు నిలబడింది. మళ్ళీ నడిచింది.

సతీష్ ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. "చూడండి ఆంటీ, ఎంత హుషారుగా తిరుగుతుందో."

"హుషారు కాదు బాబూ. ఇన్నాళ్ళూ వెతకడానికి ఓపిక నేదు దానికి. ఇప్పుడొచ్చింది" అంది గౌరీదేవి.

అతను వీడియో ఆపేశాడు. ఆమె చేతులు కడుక్కుని డాక్టరుగారి గది వైపు బయల్దేరింది. అతను వెనకనుంచి, "ఆంటీ, ఎక్కడికి?" అన్నాడు.

"మగదాన్ని ఎండ చంపలేదు, నేను చంపేనని చెప్పడానికి. నువ్వు రాకపోయినా పర్లేదు."

పది అడుగులు వేసేసరికి వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. ఆమె తిరిగి చూడలేదు గానీ, అతను అందుకునే దాకా నడక తగ్గించింది.