మూడు పొట్లాల ఇసుక

భీమిలి బస్సులో ముందు సీట్ల కిందికి చీపురు పోనిచ్చి చిలకమ్మ మెల్లగా ఇవతలికి లాగింది. వేరుశెనగ పొట్టు, నలిగిన టిక్కెట్లు, ఒక పసిపిల్ల చెప్పు, వాటి వెనకే సన్నని గీతలా ఇసుక వచ్చాయి. చెత్తను పక్కకు తోసి, ఇసుకను మాత్రం అరచేత్తో దగ్గరికి చేర్చి పాత పేపరు ముక్కలో పొట్లం కట్టింది. గుర్తుకోసం పొట్లం మూల కొద్దిగా చింపింది.

మద్దిలపాలెం డిపోలో ఆమె చాలా ఏళ్లుగా బస్సులు ఊడుస్తోంది. తగరపువలస మీదుగా వచ్చిన బస్సులో కొత్తిమీర కాడలు, ఉల్లిపొట్టు ఉంటాయి. బీచిరోడ్డు మీదుగా వచ్చిన బస్సులో ఇసుక ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ ఇసుకంటే ఆమెకు విసుగే. ఎంత ఊడ్చినా రేకు సందుల్లో మిగిలిపోయి మాట పడేట్టు చేసేది. ఈ వారం నుంచే దాన్ని వంగి వంగి చూస్తోంది.

"ఏటక్కా, ఇసక మూటలు కడతన్నావు? మేడ గానీ లేపుతావేటి?" కండక్టరు అప్పలరాజు కిటికీలోంచి అడిగాడు.

"మేడకి సాలదు గానీ, ఓ మాట సెప్పు. భీమిలిలో ఎక్కినోళ్లు ఏ సీట్లల్లో కూకుంటారు?"

"కాళీ బస్సు గదా. ముందే కూకుంటారు."

"మరి రుషికొండలో ఎక్కినోళ్లు?"

"ఆళ్లకి ఎనకాలే మిగుల్తాయి. ఏటి కత?"

చిలకమ్మ నవ్వి వెనక సీట్ల వైపు వెళ్లింది. అక్కడి ఇసుకతో రెండో పొట్లం కట్టింది. ఆర్కే బీచి దాకా వెళ్లి వచ్చే బస్సులోది పొద్దున్నే కట్టి కొంగున ముడేసుకుంది.

ఆమె భర్త శ్రీరామ్మూర్తి పోర్టులో ఖలాసీగా చేసేవాడు. ఒడ్డుకు చేరిన ఓడల తాళ్లు అందుకుని ఇనప గుంజలకు తగిలించడం అతని పని. దసరా ముందు పక్షవాతం వచ్చింది. చెయ్యి చాలావరకు తేరుకుంది గానీ, ఎడమకాలు ఇంకా ఈడుస్తూనే ఉన్నాడు. వట్టికాళ్లతో ఇసుకలో నడిపించమనీ, ఇప్పుడు నడవకపోతే ఆ కాలు అలాగే బిగుసుకుపోతుందనీ ఆసుపత్రిలో కసరత్తు చేయించే అమ్మాయి చెప్పింది. అతను గడప దాటనన్నాడు. ఎవరైనా చూసి జాలిపడతారని పగలు తలుపు కూడా తీయనివ్వడు.

రేపు చిలకమ్మకు సెలవు. ఏ బీచికి వెళ్దామని వారం రోజులుగా అడుగుతోంది. అడిగినప్పుడల్లా అతను గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. ఏదో ఒక బీచి పేరు అతని నోట వస్తే చాలు, బయటికి వస్తానన్నట్టేనని ఆమె ఆశ.

సాయంత్రం ఇంటికి రాగానే ఇసుకను బియ్యం జల్లెడలో విడివిడిగా జల్లించింది. వెడల్పాటి అల్యూమినియం పళ్లెంలో మూడు కుప్పలు పోసి మంచం ముందు పెట్టింది.

"ఇదేటే?" అన్నాడు శ్రీరామ్మూర్తి.

"కాలెట్టి సూడు మావా. ఏది మెత్తగుంటే ఆడికే ఎల్దాం. ఇది ఆర్కే బీచి, ఇది రుషికొండ, ఇది భీమిలి."

అతను వెంటనే తల తిప్పుకోలేదు. ఒక కుప్పలో నల్లని నలుసులు మెరుస్తున్నాయి. ఇంకో దాంట్లో చిన్న గవ్వముక్క ఉంది. వంగి, దాన్ని వేలితో తిరగేశాడు.

"ఇది రుషికొండదని నీకెలా తెలుసు?"

ముందు సీట్ల సంగతి, వెనక సీట్ల సంగతి ఆమె వివరంగా చెప్పింది. అతని మూతి ఒక పక్కకు వంగింది. అతను నవ్వి చాలా రోజులైంది; అది నవ్వేనని ఆమెకు తెలియడానికి కొంచెం సేపు పట్టింది.

"ఒలే, బస్సు కదిలాక ఎవుడూ సీటు మారడేటి? ముసిల్ది ఎక్కితే ముందోడు లెగడా? సిన్న గుంట కిటికీ కావాలని ఏడిత్తే? నీ బీచీలన్నీ కలిసిపోనాయి."

చిలకమ్మ ఆ మాట ఆలోచించనే లేదు. పళ్లెం వైపు దిగులుగా చూసింది. "అయితే ఏది ఏదో ఎలా తెలుత్తాది మరి?"

"దిగి సూడాల."

అనేసి, తన మాట తనకే వినపడినట్టు కాలి వైపు చూసుకున్నాడు. కాసేపటికి రెండు చేతులతో ఎడమకాలు ఎత్తి పళ్లెంలో పెట్టాడు. మూడు కుప్పలూ పాదం కింద ఒకటైపోయాయి.

"సల్లగుందా?"

"ఉండు" అన్నాడతను, కళ్లు మూసుకుని.

కాలు తీసినప్పుడు ఇసుకలో పాదం అచ్చు చెక్కతో ఒత్తినట్టు చదునుగా పడింది. వేళ్ల జాడ లేదు. పళ్లెం తియ్యబోతే వద్దన్నాడు. ఏ బీచో మాత్రం చెప్పలేదు.

పొద్దున్నే లేచి, వస్తాడో రాడో తెలియకుండానే చిలకమ్మ పులిహోర కలిపింది. డబ్బా మూత బిగిస్తుండగా గడియ చప్పుడైంది. వచ్చి చూస్తే మంచం ఖాళీగా ఉంది. తలుపు బార్లా తీసి ఉంది, ఎండ గదిలోకి వచ్చేసింది. సందులో శ్రీరామ్మూర్తి చేతికర్ర ఊనుకుంటూ, రెండో చేత్తో గోడలు పట్టుకుంటూ బస్టాపు వైపు వెళ్తున్నాడు. కుళాయి దగ్గర బిందె పట్టుకుంటున్న పక్కింటి రామలక్ష్మమ్మ ఏదో పలకరించింది. అతను ఆగి, తలూపి, మళ్లీ కదిలాడు. కాళ్లకు చెప్పులు లేవు.

ఆమె పిలవలేదు. స్టవ్ ఆపి, సంచీ అందుకుని, గడప దగ్గర ఒక్క క్షణం నిలబడింది. మంచం ముందు పళ్లెంలో నిన్నటి చదును అచ్చు పక్కనే ఇంకో ఎడమ పాదం అచ్చు ఉంది, ముందు వైపు ఇసుకను తవ్వుకుంటూ దిగిన అయిదు వేళ్ల గుంటలతో.