బోణీ డీజిల్

కనకలక్ష్మి చెయ్యి మంచిదని ఉయ్యూరు రోడ్డులో పేరు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, అందరికంటే గట్టిగా నమ్మింది ఆవిడే. తన డీజిల్ బంకులో రోజూ మొదటి బేరానికి పైపు తనే పట్టుకుంటుంది. బోణీ బేరాన్ని ఆపితే ఇద్దరికీ కలిసిరాదని ఆవిడ పట్టింపు.

వాన కురిసిన మర్నాడు మాత్రం బోణీకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. భూమిలోని ట్యాంకులోకి కొలబద్ద దించి చూడాలి. దాని కొసకు పూసిన ముద్ద ఎర్రబడితే నీళ్లు చేరినట్టే. ఇక పంపు ముట్టుకోకూడదు.

ఆ పొద్దున ఆవిడ కొలబద్ద తీయబోతుంటే కౌలు రైతు చౌడయ్య క్యాన్ పట్టుకుని వచ్చాడు.

"మీ చేత్తో పొయ్యండమ్మా. కోత మిషన్ చేలో నిలబడుంది. సాయంత్రానికి తుఫానంట. ఈ పూట కోసేస్తే గింజ దక్కుద్ది."

ఒక్క నిమిషం ఆగండి అనాలి. అనలేదు. బోణీ కదా! క్యాన్ నింపి పంపించి, తర్వాత తీరిగ్గా కొలబద్ద దించింది. ముద్ద ఎర్రగా పైకి వచ్చింది.

వెంటనే పంపులు ఆపించి, స్టాకు లేదని బోర్డు పెట్టించింది. ట్యాంకు తోడేవాళ్ల కోసం ఆటోనగర్‌కు ఫోన్ చేసింది. చౌడయ్యకు మాత్రం చేయలేదు. నీళ్లు అడుగునే ఉంటాయిలే, అతనికి మంచి డీజిలే పడి ఉంటుందిలే అనుకుంది. పంపు తోడేది అడుగు నుంచేనని తెలియదా? తెలుసు. బంకు పేరు పోతుందని భయం.

మధ్యాహ్నానికి మబ్బు కమ్ముకొచ్చింది. చౌడయ్య బండి మీద మళ్లీ వచ్చాడు. వెనక అతని భార్య రావమ్మ, ఒళ్లో ఖాళీ క్యాన్. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మిషన్ చేలోనే ఆగిపోయిందమ్మా. డీజిల్లో నీళ్లున్నాయంటన్నాడు మెకానిక్కు. ఈ మహాతల్లి క్యాన్ కడిగి తడితోనే ఇచ్చింది. నా కొంప ముంచింది."

"తుడిచానండీ. కొంగుతో తుడిచి, బోర్లించి ఆరబెట్టా" అంది రావమ్మ. అంతలోనే గొంతు తగ్గింది. "ఏమో, అడుగున ఎక్కడన్నా చెమ్మ ఉండిపోయిందేమో."

ఆ ఏమో విన్నాక కనకలక్ష్మికి తన మీద తనకే అసహ్యం వేసింది. చౌడయ్య బోర్డు చూశాడు.

"స్టాకు లేదా? మీ చెయ్యి మంచిదని ఇంత దూరం వచ్చాం. సరే, ఇంకో బంకు చూసుకుంటాం. ఎక్కవే."

రావమ్మ బండెక్కబోతూ క్యాన్ మరోసారి తలకిందులు చేసి దులిపింది. చుక్క కూడా రాలలేదు.

"చౌడయ్య గారూ, ఆగండి" అంది కనకలక్ష్మి. "ఆవిడ తప్పేం లేదు. నీళ్లు నా ట్యాంకులో ఉన్నాయి. మీరు వెళ్లగానే తెలిసింది. చెప్పలేదు."

"పొద్దున్నే తెలిసిందా?"

"తెలిసింది."

అతను ఆకాశం వైపు చూశాడు. అప్పటికే చినుకులు మొదలయ్యాయి. తిడితే పడదామని కనకలక్ష్మి అక్కడే నిలబడింది.

రావమ్మ మాత్రం భర్త భుజం తట్టింది. చేను పోతున్న సంగతే ఆ క్షణాన ఆమెకు గుర్తున్నట్టు లేదు.

"చూశావా? నేను బాగానే ఆరబెట్టా" అంది.